సూదికి తెలుగు రాదు

రేడియోలో తెలుగు వార్తలు చదివే ఉద్యోగానికి ఈ రోజు గొంతు పరీక్షకు వెళ్లి వచ్చాను. వెళ్లింది ఇద్దరమే. చదవాల్సింది మన దీవికి స్వాతంత్ర్యం వచ్చి కొత్త జెండా ఎగరేసే రోజు ఏర్పాట్ల గురించి ఒక పేజీ. పరీక్ష పెట్టిన ఇంజనీరుకు తెలుగు ముక్క రాదు. అద్దం అవతల కూర్చుని రికార్డింగు మెషిన్ మీద గొంతు ఎంత గట్టిగా ఉందో చూపే సూదినే చూస్తున్నాడు. నాది సెయింట్ పియర్ ఊరి తెలుగు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే గొంతు కదా, నోరు తెరవగానే సూది ఎర్ర గీత దాటింది. ఆయన పెదవి విరిచాడు.

తర్వాత మహేబోర్గ్ ఊరి నుంచి వచ్చిన అప్పయ్య లోపలికెళ్లాడు. బయట స్పీకరులో విన్నాను. కాగితం ముందు పెట్టుకుని, అచ్చం వార్తలు చదివే గొంతుతో, పూజలో చెప్పే స్వామి నామాలన్నీ చదివేశాడు.

"సూది వణకనే లేదు. ఉద్యోగం ఇతనికే," అన్నాడు ఇంజనీరు మన దీవి వాడుక భాష క్రెయోల్‌లో.

"ముస్యే, అతను చదివింది వార్త కాదు, దేవుడి ప్రార్థన," అన్నాను.

బయటికొచ్చిన అప్పయ్య తల దించుకున్నాడు. "మా అవ్వ నేర్పిన తెలుగు అదొక్కటే అక్కా. నాకు అక్షరాలు రావు."

ఆ మాటతో నా కోపం పోయింది. ఆదివారం మా బడికి రమ్మన్నాను, వస్తానన్నాడు.

ఇంజనీరు నా కుర్చీని మైకుకు కాస్త దూరం జరిపి మళ్లీ చదివించాడు. ఈసారి సూది బుద్ధిగా ఉంది. ఉద్యోగం నాదే.

రేపు సాయంత్రం రేడియోలో నా వార్తలు విని, ఎలా చదివానో మీరే చెప్పండి. తప్పు చదివితే పట్టుకోవడానికి ఆ గదిలో సూది తప్ప ఎవరూ ఉండరు.