విన్నాడు, పదండి

మా ఫుట్‌బాల్ మాస్టారి ఎడమ కన్ను గాజుదని ఊరంతా చెప్పుకునేవారు. నమ్మనివాళ్ళని శనివారం సాయంత్రం మైదానానికి రమ్మనేవారు. ఆట మొదలయ్యే ముందు మాస్టారు అమ్మాయిలందరినీ గుండ్రంగా నిలబెట్టి, ఒకరి చేతులు ఒకరికి పట్టించి, కళ్ళు మూయించి ప్రార్థన చేయించేవారు. ఆయన కుడి కన్ను బుద్ధిగా మూసుకునేది. ఎడమ కన్ను మాత్రం గుడ్లగూబ కన్నులా తెరుచుకునే ఉండేది. "చూశారా? గాజుకి రెప్ప ఎలా పడుతుంది?" అని తేల్చేసేవారు.

ఆయన చేసే పని కూడా ఈ పుకారుకి తోడైంది. మాస్టారు గడియారాలు బాగుచేస్తారు. దుకాణమంటే మేడమెట్ల కింద ఒక అద్దాల బల్ల, ఒక స్టూలు, ఒక దీపం, అంతే. పొద్దస్తమానం ఎడమ కంట్లో నల్లటి భూతద్దం ఇరికించుకుని కూర్చుంటారు. ఎవరైనా పిలిస్తే దాన్ని తీయడం మరిచిపోయి అలాగే తలెత్తుతారు. చంకలో పిల్లలున్న తల్లులు ఆ దుకాణానికి కాస్త ఎడంగా నడిచేవారు.

కన్ను సంగతి అలా ఉంచండి. మాస్టారికి ఉన్న అసలు జబ్బు ప్రార్థన. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకోవచ్చు, అందులో బలవంతం లేదు. కానీ అది మొదలవడమే తప్ప అయిపోవడం ఉండేది కాదు.

"దేవుడా, ఈ బంతిని కాపాడు. బంతిలో గాలిని కాపాడు. గాలి కొట్టిన పంపుని కాపాడు. ఎదుటి జట్టు పిల్లల చీలమండల్ని కాపాడు. రిఫరీగారి ఈలని, ఈల లోపలి గింజని కాపాడు. గడ్డి కోసినాయన నడుముని..."

"మాస్టారూ, గడ్డి మనమే పీకాం," అనేది మా గోల్‌కీపరు. దాన్ని అందరం గోడ అని పిలిచేవాళ్ళం. బంతి తగిలినా కదలదు, మాట తగిలినా కదలదు.

"అయితే మన నడుముల్నే కాపాడు," అనేవారు మాస్టారు, ఆగకుండా.

గోడకి దేవుడి మీద నమ్మకం లేదు. మొదటి రోజే చెప్పేసింది. "పర్వాలేదమ్మా, చెయ్యి పట్టుకుంటే చాలు. ఆ కాసేపూ నీ బూటు తాళ్ళ గురించి ఆలోచించుకో," అన్నారాయన.

ఐదు నిమిషాల తర్వాత, "ఆలోచించడం అయిపోయింది మాస్టారూ," అంది గోడ.

"అయితే పక్కదాని తాళ్ళ గురించి ఆలోచించు."

చివరికి ఉన్నట్టుండి, ఒక్కోసారి వాక్యం మధ్యలోనే, మాస్టారు తల పైకెత్తి, "విన్నాడు, పదండి!" అనేవారు. దేవుడు విన్నట్టు ఈయనకెలా తెలుస్తుందని మాకు పెద్ద సందేహం. అడిగితే, "చప్పుడు వస్తుందమ్మా," అనేవారు. మేం ఎంత చెవులు రిక్కించినా మాకు మాత్రం ఏ చప్పుడూ వినిపించేది కాదు.

రిఫరీ అల్లాడిపోయేవాడు. "మాస్టారూ, నాలుగింటి ఆట. నా గడియారంలో నాలుగూ పది అయింది."

"మీ గడియారం బాగుచేసింది నేనేనండీ, అది తప్పు చూపించదు. ఆలస్యం నాదే," అని ఒప్పేసుకుని, "దేవుడా, రిఫరీగారి గడియారాన్ని కూడా కాపాడు," అని మళ్ళీ అందుకునేవారు. అలా ఒప్పేసుకున్న మనిషితో ఎవరు పోట్లాడతారు? పైగా దేవుడి పేరు పెట్టుకుని నిలబడ్డ మనిషి మీద ఈల వేయడానికి రిఫరీకి నోరు వచ్చేది కాదు.

ఈ జట్టులోకి నేను రావడం ఒక కుట్టు తప్పు వల్ల జరిగింది. అమ్మకి మోకాళ్ళు పట్టేసినప్పుడు నేను ఏడో తరగతిలో బడి మానేసి పిన్ని కుట్టు దుకాణంలో కూర్చున్నాను. జట్టు చొక్కాల మీద అంకెలు కుట్టే పని మాకే వచ్చింది. పదకొండూ కుట్టి మైదానానికి పట్టుకెళ్ళాను. మాస్టారు ఒక్కొక్కటే విప్పి చూశారు. తొమ్మిదులు రెండున్నాయి. ఆరు లేదు. ఆరుని తలకిందులుగా కుట్టేశాను.

కొత్తవాళ్ళంటే నాకు భయం. సరిగ్గా అప్పుడే బంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. భయంలో ఏం చేస్తున్నానో తెలియక కాలితో ఆపి వెనక్కి తన్నాను. అది వెళ్ళి గోడ చేతుల్లో పడింది. గోడ రెండడుగులు వెనక్కి జరిగింది. గోడ జరగడం అదే మొదటిసారట.

మాస్టారు నన్నూ, తొమ్మిదినీ మార్చి మార్చి చూశారు. "దీన్ని విప్పి తిప్పి కుట్టు. కుట్టి నువ్వే వేసుకో," అన్నారు.

"నేను బడికి వెళ్ళడం లేదండీ."

"బంతి ఏమైనా హాజరుపట్టీ అడిగిందా?"

అలా నేను ఆరో నంబరునయ్యాను. చిక్కల్లా పిన్నితో వచ్చింది. "ఆటలాడుకో, వద్దనను. కానీ నాలుగు కొట్టకముందు మిషను దిగావంటే ఊరుకోను," అంది. ఆట కూడా నాలుగింటికే. దుకాణం నుంచి మైదానానికి పరుగెత్తితే పది నిమిషాలు. ఈల వేసే సమయానికి గేటు లోపల లేని పిల్ల పేరు రిఫరీ జాబితాలో కొట్టేస్తాడు. ఇక ఆ రోజుకి ఆట లేనట్టే. వారం పొడుగునా కాజాలు కుట్టే నాకు ఆ ఒక్క గంటే దిక్కు.

అయినా నా పేరు ఒక్కసారి కూడా కొట్టివేయలేదు. ఎప్పుడు వగరుస్తూ వచ్చినా మాస్టారు ఇంకా పంపునో, గింజనో కాపాడుతూనే ఉండేవారు. నేను గేటు దూకినంత పని చేసి వలయంలో చేరగానే దేవుడు వినేసేవాడు. నా అదృష్టం అనుకునేదాన్ని.

ఆఖరి ఆట దగ్గరకొచ్చింది. ఎదుటి జట్టుకి శిక్షణ ఇచ్చే మందుల షాపాయన పోటీల కమిటీకి ఫిర్యాదు చేశాడు. "ఆ ప్రార్థన వింటూ నిలబడి మా పిల్లలు ఆవులిస్తున్నారండీ. ఆవులించేవాళ్ళు గోలెలా కొడతారు?" కమిటీ రూలు రాసి గేటుకి అంటించింది: 'ప్రార్థన ఒక నిమిషం మించరాదు.'

సరిగ్గా ఆఖరి ఆట రోజే పిన్ని దగ్గరికి ఒకావిడ కోటు పట్టుకొచ్చింది. "లోపలి గుడ్డ ఊడిపోయిందమ్మా, సాయంత్రం ప్రయాణం." నాలుగు కొట్టింది. కుడుతూనే ఉన్నాను. ఐదు నిమిషాలు గడిచాయి. ఎనిమిది గడిచాయి. ఆఖరి ముడి వేసి, దారం పళ్ళతో తెంపి, సూది చొక్కాకే గుచ్చుకుని పరుగెత్తాను. ఈసారి నా పేరు పోయిందనే అనుకున్నాను. అయినా కాళ్ళు ఆగలేదు.

ఈలోగా మైదానంలో జరిగింది తర్వాత గోడ చెప్పింది. నాలుగింటికి మాస్టారు ప్రార్థన చేశారట. సరిగ్గా ఒక్క నిమిషం. మందుల షాపాయన గడియారం పట్టుకుని నిలబడ్డాడు. "అయిందా?" అన్నాడు.

"నాది అయిందండీ," అన్నారు మాస్టారు. "ఇక పిల్లలవి."

"పిల్లలవేమిటి?"

"ప్రార్థన ఒక నిమిషం మించకూడదన్నారు. ఎన్ని ప్రార్థనలో రాయలేదు."

రిఫరీ గేటు దాకా వెళ్ళి రూలు మళ్ళీ చదువుకున్నాడట. నిజంగానే రాయలేదు. ఒక్కొక్కతే నిమిషం చొప్పున మొదలుపెట్టింది. ఒకతి లెక్కల పరీక్ష గురించి వేడుకుంది. ఒకతి వాళ్ళక్క కోపం తగ్గాలని వేడుకుంది. గోడ తప్ప మా తొమ్మిదిమందివీ అయ్యేసరికి ఎదుటి జట్టు పిల్లలు కూడా వలయం చుట్టూ చేరి, "మేమూ చేస్తాం మాస్టారూ," అన్నారు. వాళ్ళలో ఏడుగురివి అయ్యాయి. అందరికంటే చివరన ఉండిపోయింది గోడ.

నేను గేటు దగ్గరికి వచ్చేసరికి గోడ గొంతు వినిపిస్తోంది. "దేవుడా, నువ్వు లేవని నాకు తెలుసు. నీకూ తెలుసు. అయినా మాస్టారు ఒక నిమిషం మాట్లాడమన్నారు. నాకింకా నలభై సెకన్లున్నాయి. ఇంట్లో అందరూ బాగున్నారా?"

నాకు లోపలికి వెళ్ళడానికి సిగ్గేసి, గేటు చువ్వ పట్టుకుని ఒక్క క్షణం ఆగాను. అప్పుడే మొదటిసారి ఆ వలయాన్ని బయటినుంచి చూశాను. అన్ని కళ్ళూ మూసుకుని ఉన్నాయి. ఒక్కటి తప్ప. ఆ ఎడమ కన్ను గేటు మీదే ఉంది. నన్ను చూడగానే ఆ గాజుకన్ను రెప్ప వాల్చింది.

"విన్నాడు, పదండి!" అన్నారు మాస్టారు.

"ఇంకా పదిహేను సెకన్లున్నాయి మాస్టారూ," అంది గోడ. మొదలుపెట్టాక దానికి రుచి తెలిసింది.

ఆ ఆట రెండు ఒకటితో ఓడిపోయాం. ఆ ఒకటి ఎవరు కొట్టారో చెప్పుకోవడం నాకు సిగ్గు.

తర్వాతి వారం పిన్ని దుకాణంలో గంటలు కొట్టే గడియారం ఆగిపోయింది. పిన్ని దాన్ని మాస్టారి దగ్గరికి పంపింది. అది బాగైవచ్చిన దగ్గర్నుంచి పావుగంట ముందు నడుస్తోంది. పిన్ని రేడియో పక్కనే కూర్చుంటుంది, వార్తల వేళలన్నీ ఆమెకి కంఠతా వచ్చు. ఒకసారి వార్తలు విని, గడియారం వంక చూసి, నా వంక చూసి, "నాలుగు కొట్టింది, పోవే," అంది.

ఇప్పుడు మా ప్రార్థన అరనిమిషంలో అయిపోతుంది. మాస్టారు రెండు కళ్ళూ మూసుకునే చేస్తున్నారు. ఊళ్ళో వాళ్ళు దీనికీ ఒకటి కనిపెట్టారు. ఆయన పట్నం వెళ్ళి గాజుకన్ను తీయించి రెప్పలు పడే కొత్తరకం కన్ను పెట్టించుకున్నారట.

ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. ఆరో నంబరు ఇప్పుడు నాలుగింటికి ముందే వచ్చి, ఆయన ఎడమచేయి పట్టుకుని నిలబడుతోంది.