రేగడిలో గుంత

మా వీధిలో కాలువకు తవ్వుతుంటే తడి రేగడి వాసన వచ్చింది. బొబ్బిలి దగ్గర మా ఊళ్లో నాన్న మరుగుదొడ్డికి గుంత తవ్వించిన రోజు గుర్తొచ్చింది.

పక్కింటి నర్సమ్మత్త వంకాయలు అమ్ముకుని బతికే ఒంటరి మనిషి. "అన్నియ్యా, రేగడిలో నీరింకదు. వానొస్తే మురుగంతా నా పెరట్లోకే వస్తాది" అంది.

"సూద్దాంలే" అన్నాడు నాన్న.

శ్రావణం వానలకు గుంత పొంగి ఆమె మడుల్లోకి పారింది. మొక్కలు మాత్రం ఏపుగా పెరిగి విరగకాశాయి. సంతలో ఆమె గంప చుట్టూ జనం మూగితే, నాన్న నవ్వుతూ, "మా దొడ్డి నీరు తాగిన కాయలర్రా, నిగనిగలాడవేటి?" అన్నాడు. మెచ్చుకుంటున్నాడనుకుని నేను గర్వంగా అత్త వైపు చూశాను. చేతుల్లో ఉన్న కాయలు గంపలో పడేసి అందరూ వెళ్లిపోయారు. అత్త గంప మీద కొంగు కప్పింది.

ఏడాది తిరక్కుండానే ఆమె ఇల్లూ పెరడూ నాన్నకే అమ్మేసి, సాలూరులో చెల్లెలింటికి పోయింది. ఆ వారమే నాన్న గుంత పూడ్పించి, మా ఇంటి ముందున్న ఇసుక కలిసిన ఎర్రమట్టిలో కొత్తది తవ్వించాడు. ఏ మట్టిలో నీరింకుతుందో, ఎందులో ఇంకదో ఆయనకు మొదటినుంచీ తెలుసు. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడు.