గేటు దగ్గర చూపిన చేతులు

రొయ్యల ప్లాంటులో పనిచేసిన ఆడవాళ్ళకు ఒక అలవాటు ఎన్నాళ్ళయినా పోదు. ఎవరైనా ఎదురుగా నిలబడి కాస్త గట్టిగా చూస్తే చాలు, రెండు చేతులూ ముందుకు చాపి ఒకసారి బోర్లించి, ఒకసారి వెల్లకిలా తిప్పుతాం. పొద్దున్నే వ్యాను దిగగానే గేటు దగ్గర అలా చూపించాలి. గోళ్ళు పెరిగాయా, ఉంగరముందా, ఎక్కడైనా తెగిందా అని చూసి లోపలికి పంపేవారు. వేరే ప్లాంట్లలో ఆ పని సూపర్‌వైజర్లు చేస్తారట. మా దగ్గర ఓనరు గారే చేసేవారు. కాకినాడ రోడ్డు మీద ఆ ప్లాంటును ఆయన అప్పుచేసి కట్టుకున్నారు. సరుకు విదేశాలకు వెళ్ళేది. ఒక్క గోరుముక్క దొరికినా కంటైనరు మొత్తం వెనక్కి వస్తుందని ఆయన భయం.

"వేలికేమైందమ్మా?"

"ఉల్లిపాయ కోస్తుంటే తెగిందండి."

"అయితే ఇవాళ పెట్టెలు సర్దు. రొయ్య ముట్టుకోకు."

అంతకు మించి ఆయనతో మాట్లాడిన గుర్తు లేదు. అలాంటి మనిషికి ఇంత రుణపడతానని అప్పట్లో అనుకోలేదు.

ఐసు దిమ్మలు పిండిచేసే మిషనులో నా కుడిచెయ్యి పడింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు పోయాయి. మిగిలినవి కర్రల్లా బిగుసుకున్నాయి. మొదటి వైద్యం ఓనరు గారే చేయించారు. "ఇన్సూరెన్సు కట్టానమ్మా, అర్జీ పెట్టుకో" అన్నారు. వేళ్ళు మళ్ళీ ముడుచుకోవాలంటే ఇంకో ఆపరేషన్ కావాలనీ, ఆలస్యం చేస్తే కీళ్ళు పూర్తిగా గట్టిపడతాయనీ కాకినాడ డాక్టరు గారు చెప్పారు. ఆ పరిహారం వస్తేనే ఆపరేషన్. ఇన్సూరెన్సు వాళ్ళు కొర్రీలు వేయడంతో, కంపెనీనీ వాళ్ళనీ కలిపి కార్మిక శాఖ ఆఫీసులో కేసు వేశాం. అప్పటికి నేను అన్నం చెంచాతో తింటున్నాను. నా గోళ్ళు మా అమ్మాయి కత్తిరించేది.

పని లేని ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది మా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయం. నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను కానీ చదువు మానలేదు. ఆ గ్రంథాలయంలో కథల బీరువా అయ్యాక చరిత్ర, చరిత్ర అయ్యాక హోమియోపతి, అదీ అయ్యాక చట్టాలు చదివాను. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. ఎవరేమనుకున్నా సరే, నా చదువు మొత్తం ఆ రెండు గదుల్లోదే. అక్కడి గ్రంథపాలకుడు గారు ఏ పుస్తకం అడిగినా "నీకెందుకమ్మా ఇది?" అని ఒక్కసారీ అనలేదు. అందుకు ఆయనకు ఎప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఒకరోజు ఆయనే పేపరు నా ముందుకు తోశారు. "ఇది మీ ప్లాంటు కాదూ?" చిన్న అక్షరాల ప్రకటన. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది, బాకీ రావలసినవాళ్ళు ఫలానా అధికారికి తెలపండి అని. ప్లాంటు మూతపడి అప్పటికి కొన్నాళ్ళయింది. నేను చట్టాల బీరువా తీసి దివాలా పుస్తకం పట్టుకున్నాను. ఎడమచేత్తో పేజీలు తిప్పి, అర్థంకాని చోట గ్రంథపాలకుడు గారిని అడిగి, చివరికి తేల్చాను. ప్రక్రియ మొదలైన రోజు నుంచి ఆ కంపెనీ మీద కేసులన్నీ ఆగిపోవాలి. అంటే నా కేసూ ఆగినట్టే. అయినా సాయంత్రం టీ బడ్డీ దగ్గర మా వ్యాను ఆడవాళ్ళకు చాలా వివరంగా చెప్పాను.

"కంపెనీ మంచాన పడ్డట్టు లెక్క. మంచాన పడ్డవాణ్ణి తగువులోకి లాక్కూడదని చట్టం."

"ఏంటే ప్లీడరమ్మా, నీ కేసు నువ్వే కొట్టేసుకున్నావా?" అంది మాలో పెద్దావిడ. "ఇంక జడ్జీ ఎందుకు, గుమాస్తా ఎందుకు?"

"కంపినీ పోయింది, కేసూ పోయింది. ఆ మాట చెప్పడానికి ఇన్ని పుస్తకాలు తిరగేయాలా వదినా?" అని ఇంకొకామె నవ్వింది.

మరునాడు నా కేసు చూస్తున్న లాయరమ్మ గారి దగ్గరికి వెళ్ళి, ఇక ఖర్చు పెట్టలేను, ఆపేయండి అన్నాను. ఎందుకో చెప్పాను. ఆవిడ వయసులో నాకంటే చాలా చిన్న. అంతా ఓపిగ్గా విన్నారు.

"మీరు చదివింది నిజమేనమ్మా. కాకపోతే ఒక్క పుస్తకమే చదివారు. కంపెనీ మీద కేసు ఆగింది. మరి ఇన్సూరెన్సు కంపెనీ దివాలా తీయలేదు కదా?"

"లేదండి."

"యజమాని దివాలా తీస్తే, ఇన్సూరెన్సు నుంచి అతనికి రావలసిన హక్కు దెబ్బతిన్న కార్మికుడికి వస్తుందని పరిహార చట్టంలో ఉంది. ఆయన నిలబడాల్సిన చోట మీరు నిలబడతారు. ఆ మాట మీద నేను వాదిస్తాను. రావలసిన జీతం బాకీ మాత్రం వేరే. దానికి దివాలా అధికారికి విడిగా అర్జీ పెట్టండి, అందులో ఎంత వస్తుందో చెప్పలేం."

అటునుంచి అటే గ్రంథాలయానికి వెళ్ళాను. ఆ పరిహార చట్టం పుస్తకం పక్క బీరువాలోనే ఉంది. నాకు సిగ్గేయలేదు, పండగలా అనిపించింది. ఇంకా చదవాల్సిన బీరువా ఉందన్నమాట! జీతాల అర్జీ మా అమ్మాయి చేత రాయించి వ్యాను ఆడవాళ్ళందరి తరఫునా పంపాను. చాలాకాలం తర్వాత ఏదో నామమాత్రంగా వచ్చింది. ఆ రోజు మాత్రం నన్ను ఎవరూ ప్లీడరమ్మా అని వెక్కిరించలేదు.

కేసు మళ్ళీ కదిలింది. ఇన్సూరెన్సు లాయరు గారు ఇంకో మెలిక పెట్టారు. నేను కంపెనీ మనిషిని కాదట, వ్యాను మేస్త్రీ తోలుకొచ్చిన కూలీనట. పాలసీ కంపెనీ సొంత కార్మికులకే వర్తిస్తుందట. దివాలా అధికారి దగ్గరున్న రికార్డుల్లో మాలా రొయ్యలు ఒలిచేవాళ్ళ పేర్లు లేవు. మేస్త్రీ వేరే ప్లాంటుకు మనుషుల్ని తోలుకుంటూ, ఈ ఊసే ఎత్తొద్దన్నాడు. ఇక మిగిలింది ఓనరు గారి మాట.

"అడిగి చూడండి. రాకపోతే మాత్రం తప్పుపట్టకండి" అన్నారు లాయరమ్మ గారు. "ఒలిచేవాళ్ళంతా నా మనుషులే అని ఆయన ఒప్పుకుంటే, వాళ్ళకు కట్టని పీఎఫ్ కోసం ఆయన్నే పట్టుకుంటారు."

పెద్దాపురంలో ఒక అద్దె వాటాలో ఉంటున్నారని తెలిసి, మా అమ్మాయిని తోడు తీసుకుని వెళ్ళాను. తలుపు తీసిన వాళ్ళావిడ నా చెయ్యి చూసి ఎవరో పోల్చుకున్నారు.

"ఇంకా ఏం మిగిలిందని వచ్చారమ్మా?"

ఆ మాటలో కోపం కంటే అలసటే ఎక్కువ వినిపించింది. వెనక్కి తిరిగాను. పడిపోయిన మనిషి గుమ్మంలో నిలబడి సాయం అడగటం నాకే చేదుగా ఉంది. లోపలినుంచి ఆయన వచ్చారు. బాగా చిక్కిపోయారు. సంగతంతా చెప్పాను, పీఎఫ్ మాటతో సహా. దాచి అడగాలనిపించలేదు.

"వాయిదా ఎప్పుడు?" అన్నారు ఆయన, వీధిలోకి చూస్తూ. వస్తాననలేదు, రాననలేదు.

వాయిదా రోజున ఆయన బస్సు దిగి, చెమట తుడుచుకుంటూ ఆఫీసు మెట్లెక్కడం చూసి లాయరమ్మ గారు నా భుజం నొక్కారు.

ఇన్సూరెన్సు లాయరు గారు మర్యాదగానే అడిగారు. "మీ ప్లాంటులో వందలమంది ఆడవాళ్ళు. అందరికీ మాస్కు, టోపీ. ఈవిణ్ణి ఎలా గుర్తుపడతారండి?"

"ముఖమైతే చెప్పలేనండి. చేతులు చెబుతాను. కుడి అరచేతిలో బొటనవేలి కింద నూనె కాలిన మచ్చ ఉండాలి. అరిసెలు వండుతుంటే కాలిందంది. పుండు మానేదాకా రెండుసార్లు గేటు దగ్గరనుంచి ఇంటికి పంపేశాను."

నన్నెవరూ అడగలేదు. నా చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి. ముందు బోర్లించి, తర్వాత తిప్పాను. విచారించే అధికారి గారు కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగారు. మచ్చ అక్కడే ఉంది.

"ఆవిణ్ణి లోపలికి పంపిందీ నేనే, వెనక్కి పంపిందీ నేనే" అన్నారు ఓనరు గారు. "ఏ పని ముట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో చెప్పిందీ నేనే. మేస్త్రీ వ్యాను తోలాడండి, అంతే. నా మనిషే."

"ఈ మాట రేపు మీకే చుట్టుకుంటుంది. తెలిసే చెబుతున్నారా?" అన్నారు ఇన్సూరెన్సు లాయరు గారు.

"ఆయ్, తెలుసండి. ఇంకా చుట్టుకోవడానికి నా ఒంటిమీద ఖాళీ ఎక్కడుంది?"

గదిలో అందరూ నవ్వారు, ఆ లాయరు గారితో సహా. నేను నవ్వలేకపోయాను.

ఇన్సూరెన్సు కంపెనీయే పరిహారం చెల్లించాలని తీర్పు వచ్చింది. లాయరమ్మ గారు వాదించిన చట్టం ఒక కాలైతే, ఆయన చెప్పిన మాట రెండో కాలు. ఆ రెంటి మీదే నా కేసు నిలబడింది. తర్వాత ఆయనకు పీఎఫ్ నోటీసులు వచ్చాయని తెలిసింది. నాకు కబురు కూడా పెట్టలేదు. ఎవరో చెబితే విన్నాను.

ఆపరేషన్ సకాలంలోనే అయింది. రబ్బరు బంతి నొక్కుతూ చాలారోజులు ఏడ్చాను. ఒక మధ్యాహ్నం పప్పన్నం నా చేత్తో నేను కలుపుకున్నాను. ముద్ద సరిగా కుదరలేదు, సగం కంచంలోనే రాలింది. అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

తర్వాత మా పెరటి మునక్కాయలు తీసుకుని పెద్దాపురం వెళ్ళాను. ఆయన అక్కడ ఇంటి ముందుగదిలోనే చిన్న రొయ్యల మేతల కొట్టు పెట్టుకున్నారు. థాంక్సండీ అని చెప్పాలని దారంతా అనుకుంటూ వెళ్ళాను. తీరా ఎదురుపడ్డాక మునక్కాయలు బల్లమీద పెట్టి చేతులు చాపాను. ఆయన గేటు దగ్గర చూసినట్టే వంగి చూశారు.

"ముడువమ్మా."

ముడిచాను. మూడు వేళ్ళూ ముడుచుకున్నాయి.

"బాగానే ఉంది. కానీ ఎడమచేతి గోళ్ళు పెరిగాయి. ఇవాళ లోపలికి పంపను."

"ఎవరండీ అది? గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడతారేంటి?" అంటూ వాళ్ళావిడ లోపలినుంచి వచ్చారు. నన్ను చూసి కుర్చీ వేసి, కాఫీ తెచ్చిచ్చారు. గ్లాసు కుడిచేత్తో అందుకున్నాను.

ఇంటికొచ్చాక మా అమ్మాయి అలవాటుగా గోళ్ళ కత్తెర తెచ్చింది. వద్దని నేనే తీసుకున్నాను. చాలా సమయం పట్టింది, ఒకచోట వంకరగా తెగింది కూడా. అయినా ఎడమచేతి గోళ్ళు అయిదూ కుడిచేత్తో నేనే కత్తిరించుకున్నాను.