ఆరు సెకన్ల మావయ్య

మా మావయ్య ఏ కాగితాన్నైనా ఆరు సెకన్లే చూస్తాడు. ఏడో సెకను ఆయన జీవితంలో లేదు. మెడలో స్టాప్‌వాచ్, చేతిలో కాగితం. టిక్కుమనగానే కాగితం బోర్లా పడుతుంది. వాషింగ్ మెషీన్ల మీద మీటలు ఎక్కడుండాలో ముప్పయ్యేళ్లు డిజైన్ చేసి, ఆ పనికి మనుషుల్ని ఎంచీ ఎంచీ ఆయన తేల్చిన సత్యమిది: రెజ్యూమే చూసేవాడికి అంతకుమించి ఓపిక ఉండదు.

మంచిదే. రిటైరైనప్పుడు ఆ సత్యాన్ని ఆఫీసులోనే వదిలి రావాలి కదా. హోటల్లో మెనూ కూడా ఆరు సెకన్లే చూసి, కంటికి ఆనింది తెమ్మంటాడు. ఒకసారి సర్వర్‌తో "పార్సెల్ సదుపాయం కలదు, రెండు ప్లేట్లు" అన్నాడు. లోపలికెళ్లిన సర్వర్ ఇప్పటికీ బయటికి రాలేదు.

నా రెజ్యూమేకీ అదే మర్యాద. నేను చదువు మధ్యలో మానేసిన మేధావిని. మొదటి పేజీ నిండా నా ప్రతిభ, మిగతా రెండు పేజీల్లో నన్ను పోగొట్టుకుని కాలేజీ పడుతున్న బాధ.

"ఫోన్ నంబరు బాగుందిరా," అన్నాడు బోర్లించి.

అసలు కష్టం అక్కది. ప్రొడక్ట్ డిజైనర్. కంపెనీ మూతపడి ఎనిమిది నెలలు. అరవై ఒక్క చోట్ల దరఖాస్తు పెడితే అరవై చోట్ల నిశ్శబ్దం, ఒకచోట "మీ ఆసక్తికి ధన్యవాదాలు". ఇక మిగిలింది ఒక్కటే, గడువు సోమవారం. అదీ పోతే ఈ పనికో దణ్ణం పెట్టి స్నేహితురాలి జిరాక్స్ షాపులో కూర్చుంటానంది. బుధవారం నాడు తను చేసిన డిజైన్లన్నీ పెట్టిన నలభై ఎనిమిది పేజీల పోర్ట్‌ఫోలియో తెరిచి మావయ్య ముందు పెట్టింది.

టిక్.

"ఏం కనిపించింది మావయ్యా?"

"గోడ. గోడ మీద రంగురంగుల చీటీలు. వాటి ముందు నువ్వు, ఆలోచిస్తున్నట్టు."

"అది నేను పనిచేసే పద్ధతి."

"నువ్వు ఆలోచిస్తావని నమ్ముతాంలే అమ్మాయ్. ఏం చేశావో చూపించు. ఇదేంటి?"

"వాతావరణం యాప్. నేర్చుకునేటప్పుడు చేశా."

"తీసెయ్. ఇది?"

"ఇంకో వాతావరణం యాప్."

"వానొస్తుందో లేదో ఎన్నిసార్లు చెప్తావే? తీసెయ్."

అలా నరుక్కుంటూ పోయి ముప్పై ఏడో పేజీ దగ్గర ఆగాడు. పళ్ల ఆసుపత్రికి వచ్చినవాళ్లు పేరు నమోదు చేసుకునే స్క్రీన్. కంపెనీలో అక్క చివరి పని.

"ఇది పెట్టాక ఏమైంది?"

"తెలీదు. పెట్టిన వారానికే మమ్మల్ని పంపేశారు."

"జనం వాళ్లంతట వాళ్లే వాడుతున్నారా, రిసెప్షన్లో అమ్మాయిని అడుగుతున్నారా?"

"తెలీదన్నాగా మావయ్యా." పోర్ట్‌ఫోలియో మూసేసింది అక్క.

ఆయన స్టాప్‌వాచ్ సర్దుకుని వెళ్లిపోయాడు. గురువారం, శుక్రవారం, శనివారం పత్తా లేడు. ఫోన్ ఎత్తడు. "అంత నిపుణుడు గడువు దగ్గరపడగానే ఎలా జారుకున్నాడో చూడు," అని అక్కకు ధైర్యం చెప్పాను. ధైర్యం చెప్పడంలో నన్ను మించినవాడు లేడు, అక్క ఏడ్చేసింది.

ఆదివారం పొద్దున ఒక బుగ్గ ఉబ్బించుకుని వచ్చాడు. ఒక నోటుపుస్తకం అక్క ముందు పడేశాడు. ఆ స్క్రీన్ వాడిన నూట పన్నెండు మంది, ఒక్కొక్కరికి ఒక్కో వరుస. 'కళ్లజోడు మర్చిపోయిన పెద్దాయన. నలభై సెకన్లు. ఎవర్నీ అడగలేదు.' 'చంకలో బిడ్డ, ఒంటి చేత్తో. ముప్పై.' 'పుట్టినతేదీ దగ్గర ఆగిపోయింది. మీట మరీ చిన్నది. మా అమ్మాయి తప్పే.' తొంభై ఏడు మంది ఎవరి సాయమూ లేకుండా గట్టెక్కారు.

అక్క రాత్రి దాకా లేవలేదు. నలభై ఎనిమిది పేజీలు తొమ్మిదయ్యాయి. గోడ పోయింది, రెండు వానలూ పోయాయి. మొట్టమొదట ఆ స్క్రీన్: అంతకుముందు రోగుల ఇబ్బందేమిటి, తను చేసిందేమిటి, తర్వాత ఏమైంది. మీట తప్పు కూడా దాచకుండా రాసి, ఎలా దిద్దాలో గీసి చూపించింది. ఇంటర్వ్యూలో ఆ తప్పు గురించే ముప్పావుగంట అడిగారట. ఉద్యోగం ఇచ్చారు.

ఆ కబురు వచ్చిన రోజు భోజనాల దగ్గర మావయ్య ఒక పక్కనే నములుతూ నాకు దొరికిపోయాడు.

"మూడ్రోజులు ఆ పళ్ల ఆసుపత్రిలో ఊరికే కూర్చోనిచ్చారా మావయ్యా?"

"పన్ను నొప్పని చెప్పా. రెండ్రోజులు నన్ను పిలిచినప్పుడల్లా వెనకవాళ్లని పంపా. మూడోరోజు డాక్టరే బయటికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. కాస్త కదిలేదొకటి ఉంటే చూపించా."

"నొప్పి తగ్గిందని లేచి రావచ్చుగా."

"ఆ రోజుకి ఇంకా పదకొండు మంది రావాల్సి ఉంది కదరా. పన్ను పీకితే దూది పెట్టి గంటసేపు అక్కడే కూర్చోమంటారు."