ఫెల్టు కిందికి పోయిన గళ్లు

ఆ రోజుల్లో బడిపిల్లల చేత స్టేజీ మీద ఒక కథ ఆడించాలంటే పాడే మనిషి, వాయించే మనిషి, తెర లాగే మనిషి, వీళ్లందరి మీదా అలిగే మనిషి కావాల్సి వచ్చేది. ఇప్పుడు సెల్‌ఫోన్లో పాట పెడితే సరిపోతోంది. మొన్న మా మనవరాలి బడి వార్షికోత్సవానికి వెళ్లాను. పిల్లలు కథంతా అడుగులతో, చేతులతో చెప్పేశారు. పక్క కుర్చీలో ఆవిడ మురిసిపోతూ, "ఎంత ముద్దుగా చేస్తున్నారో కదండీ!" అంది. "రెండో వరసలో ఎడం చివర పిల్ల ఒకడుగు ముందుకొచ్చేసిందండి" అన్నాను. ఆవిడ మళ్లీ నాతో మాట్లాడలేదు. (ఆ పిల్ల ఆవిడ మనవరాలని తర్వాత తెలిసింది. అయినా ఒకడుగు ముందే ఉంది.) ఇంటికొస్తుంటే నా మొదటి ఉద్యోగం, మువ్వల దీదీ, మా స్టేజీ అన్నీ గుర్తొచ్చాయి. పైన చెప్పిన మనుషుల్లో అలిగే మనిషిని నేనే.

గుణుపురంలో చదువు ముగించుకుని, రాయగడ పక్కన కాగితం మిల్లు కాలనీ బడిలో లెక్కల టీచరుగా చేరాను. (చేరిన తేదీ, వారం, ఆ రోజు వాన పడిందో లేదో కూడా చెప్పగలను గానీ ఎవరూ అడగరు.) మా అన్నయ్య మిల్లులో ఫిట్టరు. అన్నా వదినల క్వార్టర్సులోనే ఉండేదాన్ని. పిల్లలు నన్ను 'లెక్కల దీదీ' అనేవారు. నేను క్లాసులో అడుగు పెడితే గుండుసూది పడినా వినపడేది. అది భయమని అప్పుడు తెలీదు, గౌరవమనుకునేదాన్ని. పాటలూ నాట్యమూ నేర్పే టీచరు కోరాపుట్ మనిషి, ఒడియా ఆవిడ. రోజూ ఆలస్యంగా వచ్చేది. జడ సగం అల్లి ఉండేది. మువ్వలు చేతిసంచిలో వేసుకుని తిరిగేది కాబట్టి ఆవిడ రాక వరండా చివరినుంచే తెలిసేది, పిల్లలకి అందుకే 'మువ్వల దీదీ'. పిల్లల టిఫిన్ డబ్బాల్లో చెయ్యి పెట్టి తినేసేది. వాళ్లు ఆవిడ కోసం నేరేడుపళ్లు జేబుల్లో నలిపి తెచ్చేవాళ్లు. నాకు మాత్రం అందరూ లేచి నిలబడి, ఒకే గొంతుతో "నమస్కారమండీ" చెప్పేవాళ్లు. ఒక్క నేరేడుపండు, నలిగినదైనా సరే, ఎవరూ తేలేదు.

ఆ ఏడు పెద్ద మాస్టారు బడిని రెండు జట్లు చేసి, వార్షికోత్సవానికి జట్టుకో నాట్యకథ చెయ్యమన్నారు. ఒకటి మువ్వల దీదీకి, ఒకటి నాకు. ఏది బాగుంటే ఆ టీచరు పిల్లల్ని తీసుకుని కోరాపుట్‌లో పెద్ద సభకి వెళ్లాలి. కోరాపుట్ ఆవిడ సొంతూరు. ఆ ఊళ్లో, ఆవిడవాళ్ల కళ్లెదుట, పిల్లల్ని వెంటబెట్టుకుని నేను బస్సు దిగాలి! ఆ ఊహతో నాకు నిద్ర పట్టలేదు. ఒకటే చిక్కు. బడి మొత్తానికి హార్మోనియం ఒకటే, పాడే గొంతూ ఒకటే. నా కథకి కూడా ఆవిడే పాడాలి.

నా కథ ఇది. ఒక ఊళ్లో వాన లేక వాగు ఎండిపోతుంది. ఊరివాళ్లంతా కొండని వేడుకుంటారు, కొండ కరిగి వాగుని వదులుతుంది. (వాగు అంటే ఇద్దరు పిల్లలు పట్టుకొచ్చే మా వదిన నీలం చీర.) నాట్యం నాకు రాదు, లెక్కలొచ్చు. అందుకని స్టేజీని గళ్లుగా విడగొట్టి, గడికో అంకె వేసి, ఏ మాటకి ఏ పిల్ల ఏ గడిలోకి వెళ్లాలో కట్టుదిట్టం చేశాను. బడి హాల్లో సుద్దముక్కతో గళ్లు గీసి ఆడించేదాన్ని. పిల్లలు పాట వినేవాళ్లు కాదు, అంకెలు చూసుకుంటూ చకచకా గళ్లు మారేవాళ్లు. పక్కగదిలో ఆవిడ జింక కథ. కిటికీలోంచి రోజూ తొంగి చూసేదాన్ని. ఒకరి మీద ఒకరు పడి నవ్వుకోవడమే తప్ప వరసా లేదు, వావీ లేదు. మళ్లీ ఆ జింకలు నిజంగా జింకల్లానే ఉండేవి. అదే నా కడుపుమంట.

ఇంటికొచ్చాక కూడా వంటింటి గచ్చు మీద గళ్లు గీసి చిక్కుడు గింజలు జరిపేదాన్ని. వదిన చూసింది.

"ఏటమ్మీ ఇది? కూరకుంచిన గింజలన్నీ ఊరోళ్లైపోయేరా?"

"ఆగు వదినా, ఇది కొండ. దీన్ని కదపకు."

"కొండని కుక్కర్లో ఏసేత్తాను, పక్కకి జరుగు. ఒక మాట సెప్పు. నువ్వు పిల్లల్ని ఆడించడానికెల్తన్నావా, ఆ దీదీని ఓడించడానికెల్తన్నావా?"

"రెండూ ఒకటే."

"రెండూ ఒకటైతే లెక్కల టీచరువి నువ్వెలాగయ్యేవే?" అని గింజలన్నీ చేట్లోకి ఊడ్చేసింది.

వార్షికోత్సవం రోజు పొద్దున్నే మైదానంలో చెక్కల స్టేజీ మీద తడిసుద్దతో గళ్లన్నీ గీసి, అంకెలు దిద్ది, ఎవర్నీ తొక్కనివ్వొద్దని బడి బంట్రోతుకి కాపలా చెప్పి మరీ వచ్చాను. మధ్యాహ్నం నుంచి పిల్లల మొహాలకి రంగులు పులమడంలో మునిగిపోయాను. అన్నయ్య మెరిసిపోతున్న మొహంతో వచ్చేడు. "అమ్మీ, నీ పిల్లల కోసం ఒక పని సేసేను. తెర తీసేక సూసుకో" అని వెళ్లిపోయాడు. నాకు తీరిక లేక ఏమిటని అడగలేదు.

జింకల కథ ముందు అయింది, నేను రంగుల గదిలోంచే విన్నాను. చప్పట్లు ఆగలేదు. నా వంతు వచ్చింది. ఆఖరి క్షణంలో పరుగున వచ్చి పక్కతెర చాటున నిలబడ్డాను. తెర లేచింది. స్టేజీ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లటి, మెత్తటి ఫెల్టు! మా కాలనీ మనుషులకి ఇదొక అలవాటు. కాగితం మెషీను మీద అరిగి తీసేసిన ఉన్ని ఫెల్టు లేకుండా పెళ్లీ జరగదు, పూజా జరగదు, కింద పరిస్తే గానీ తోచదు. మేకులు గుచ్చుకుంటాయని మా అన్నయ్య నలుగురు స్నేహితుల చేత మోయించుకొచ్చి, నా గళ్లన్నిటి మీదా ముద్దుగా పరిపించేడు.

పిల్లలు లోపలికొచ్చారు. అంకెల కోసం కిందికి చూశారు, అంకెల్లేవు. ఒకతె వంగింది. ఇంకొకతె కూర్చుని అరచేత్తో ఫెల్టుని తడిమింది. అందరూ బిక్కమొహాలతో నేల వెతుక్కుంటూ, ఒకళ్లకొకళ్లు తగులుకుంటూ అటూ ఇటూ తిరగసాగారు. కొండ వేషం వేసిన పిల్ల నా వైపు తిరిగి, "దీదీ, నా గడేదండీ?" అని ఏడుపు గొంతుతో అడిగింది. అప్పుడు మువ్వల దీదీ పాట ముందుకి పోనివ్వకుండా, "నీరెక్కడుంది తల్లీ, నేలతల్లీ" అన్న ఒక్క చరణాన్నే పట్టుకుని, ఒకసారి పైకి, ఒకసారి గుసగుసలా, మెల్లగా, మళ్లీ మళ్లీ పాడటం మొదలెట్టింది. జనం సద్దు మణిగింది. ఎండిన నేలలో చెమ్మ కోసం వెతుకుతున్న ఊరే కనపడింది వాళ్లకి. చివరికి ఒక గడుసుపిల్ల ఫెల్టు అంచు ఎత్తి కిందికి తొంగిచూసింది. అది నుయ్యి తవ్వుతోందని జనం అనుకున్నారు. ముందు వరసలో ఒక ముసలమ్మ కళ్లొత్తుకుంది. మువ్వల దీదీ కనుసైగ చేసింది, నీలం చీర వచ్చింది, మైదానం దద్దరిల్లిపోయింది.

ముఖ్య అతిథి మైకు దగ్గరికొచ్చి, ఆ వెతుకులాట నేర్పిన టీచరే కోరాపుట్ రావాలన్నారు. పెద్ద మాస్టారు తిన్నగా మువ్వల దీదీ వైపు చెయ్యి చాపారు. ఆవిడ హార్మోనియం మూసి, తన ఒడియా యాసలో, "నేను కాదు సార్, పాట మాత్రం నాది. ఆట అంతా మా లెక్కల దీదీది" అంది. ఒక్క క్షణమైనా తటపటాయించి ఉంటే నాకెంత హాయిగా ఉండేదో! గెలుపు నాకిచ్చింది సరే, ఆవిడ మీద ఒక్క తప్పైనా పట్టుకుని ఓదార్చుకునే వీలు కూడా లేకుండా చేసింది.

అసలు కష్టం తర్వాతి రోజు మొదలైంది. కోరాపుట్‌లో ఆ వెతుకులాట మళ్లీ చేయించాలి. నేను కొత్త గళ్లు గీశాను. ఎవరు ఏ గడిలో వంగాలి, ఎవరు ఏ గడిలో తడమాలి, ఎవరు ఎవరికి తగలాలి, అన్నీ రాసి ఆడించాను. పిల్లలు వరసగా వంగి, వరసగా తడిమి, వరసగా లేచారు. అచ్చం డ్రిల్లు. వదిన చూడ్డానికొచ్చి, "ఏటమ్మీ, నీళ్ల కోసం ఎతుకుతున్నారా, అప్పడాలు ఎండబెడతన్నారా?" అంది. చేసేది లేక, గర్వం దిగమింగుకుని మువ్వల దీదీ దగ్గరికెళ్లాను. రమ్మని అడగలేక, "పాడటానికి ఎలాగూ మీరు రావాలి కదా, పనిలో పనిగా..." అని నసిగాను.

ఆవిడ పకపకా నవ్వి నా చెయ్యి పట్టుకుంది. "వస్తాను దీదీ, మా అమ్మ చేతి కూర తినొచ్చు. కానీ ఒక్క షరతు. సుద్దముక్క నువ్వు తేకూడదు."

కోరాపుట్‌లో తెర లేవబోయే ముందు ఆవిడ పిల్లల్ని దగ్గరికి పిలిచి, తన కాలి మువ్వ ఒకటి ఇందాక స్టేజీ మీద ఎక్కడో ఊడిపోయిందని చెప్పింది. నేను కూడా నమ్మాను. పిల్లలు ప్రాణం పెట్టి వెతికారు. నేనైతే పక్కతెర చాటున మోకాళ్ల మీద వంగి మరీ వెతికాను. (మువ్వ ఆవిడ పిడికిట్లోనే ఉందని తిరుగు బస్సులో తెలిసింది. పిల్లలు విరగబడి నవ్వారు. మోకాళ్ల దగ్గర నా చీర మాసిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు.) మాకు షీల్డు వచ్చింది.

ఆ షీల్డుతో స్టూడియోలో తీయించిన ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. పిల్లల్ని ఎత్తుల ప్రకారం వరసగా నేనే నిలబెట్టాను. జట్టు నాది కాబట్టి నడి కుర్చీలో నేను, నా ఒళ్లో షీల్డు. మువ్వల దీదీ చివర్లో, వంకరగా నిలబడి ఏదో అంటోంది. పిల్లలంతా ఆవిడ వైపే తిరిగి నవ్వుతున్నారు. ఫోటో మొత్తంలో కెమెరా వైపు చూస్తున్నది నేనొక్కదాన్నే. ఒక్క పిల్లయినా నా వైపు చూడకపోతుందా అని ఇన్నేళ్లుగా వరసవారీగా వెతుకుతున్నాను. కింది వరసలో కొండ వేషం పిల్ల నా వైపే చూస్తోందని చాలాకాలం సంబరపడ్డాను. కిందటేడు కంటి ఆపరేషన్ అయ్యాక ఫోటో మళ్లీ తీసి చూశాను. అది చూస్తున్నది షీల్డుని.