మిగిలిన సెంటు

చెంగయ్య తాత నలభై ఏళ్లు సర్వేయర్ల వెంట గొలుసు లాగాడు. ఇప్పుడు మా కాణిపాకం వైపు పల్లెల్లో పొలాలు కొలిచేది నేను, నా యంత్రం. గొలుసుతో పనిలేదు. అయినా ఎవరూ పిలవకుండానే వచ్చి గట్టుమీద కూర్చుంటాడు. ఎకరాలో పావంటే 0.25, ఎనిమిదో వంతు పరకంటే 0.125, పదహారో వంతు వీసమంటే 0.0625 అని నేను ఫోను తీసేలోగా అప్పజెప్పేస్తాడు. చదివింది మూడో తరగతి. గొప్పలు పోవడంలో మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా. నాకు ఒళ్లు మండేది.

ఆ రోజు ఒక ఎకరా పంపకం. అన్న మునిరామయ్య, తమ్ముడు దేవరాజులు, చెల్లెలు లోకేశ్వరి, ముగ్గురికీ సమానం. ఒకటిని మూడుతో భాగిస్తే 0.333 అని తెగకుండా పోతూనే ఉంటుంది. మా ఫారంలో చుక్క తర్వాత రెండంకెలకే చోటు. తలా 0.33 వేస్తే మొత్తం 0.99 వచ్చింది. ఎకరాలో నూరో వంతు, ఒక సెంటు మిగిలింది.

అలా మిగిలింది పెద్దవాడికి వేయడం నాకు అలవాటు. మునిరామయ్య కూడా తనకు 0.34 వేయమన్నాడు. దేవరాజులు మొహం తిప్పుకుని దూరంగా పోయి నిలబడ్డాడు. లోకేశ్వరి సంతకానికి పెన్ను తీసుకుంది. నేను అంకె కొట్టబోయాను.

"ఆగు పాపా," అన్నాడు చెంగయ్య తాత నాతో. ఆ గొంతులో ఎప్పటి గొప్ప లేదు. "మేమూ ముగ్గురన్నదమ్ములమే. మా భూమి పంచుకున్న పొద్దు గొలుసు నా చేతిలోనే ఉన్నింది. మిగిలిన సెంటు నేనే కలుపుకున్నా. మా సిన్నోడు మళ్లీ నా ఇంట్లో మంచినీళ్లు తాగలా."

మునిరామయ్య చెల్లెలి చేతిలోని పెన్ను వైపు చూశాడు. చివరికి ఆ సెంటు పొలంలోని బోరు చుట్టూ వదిలి, ముగ్గురి పేరా ఉమ్మడిగా రాయమన్నాడు. రాశాను. ఇన్నాళ్లూ ఆలోచించకుండా ఎన్ని సెంట్లు పెద్దవాళ్లకు కొట్టేశానో తలచుకుంటే సిగ్గేసింది.

అందరూ వెళ్లాక, అప్పుడు తాను కలుపుకున్న సెంటు తిరిగి రాసిచ్చే వీలుందా అని తాత అడిగాడు. రిజిస్ట్రేషన్ చేయిస్తే కుదురుతుందని, తమ్ముణ్ణి వెంటబెట్టుకు రమ్మని చెప్పాను.

"వాడు పోయి రెండేండ్లాయె పాపా," అన్నాడు. "వాడి కూతురు పవిత్ర ఉండాది. ఆ బిడ్డయినా మా ఇంట్లో మంచినీళ్లు తాగుతాదేమో సూడాల."