పిడికిటికి సరిపడే బూమ్

ఆదివారం వస్తే ఓ నర్సు, తెరచాప కట్టిన పలకపై నిలబడి నీళ్ల మీద సాగే విండ్‌సర్ఫింగ్ ఆట సామాన్ల కొట్లోనే ఉంటుంది. తెరచాపను అదుపులో పెట్టడానికి చేత్తో పట్టుకునే గొట్టాలను, అంటే బూమ్‌లను, ఒక్కొక్కటే పిడికిట బిగించి చూసి, పెదవి విరిచి పెట్టేస్తుంది. కీళ్లనొప్పులతో ఆమె వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. పెద్దవాళ్ల బూమ్‌లలో చవకవన్నీ లావు, సన్నవి ఆమె జీతానికి అందవు.

ఈసారీ కొట్టతను లావుదే అందించాడు. "గట్టిదమ్మా, పదేళ్లు చూసుకోనక్కర్లేదు." "పదేళ్లా? నా వేళ్లు వచ్చే ఏడాదికే మాట వినేలా లేవు!" అని విసుక్కుంటూ, ఓ మూలనున్న, ధర తక్కువైన పిల్లల బూమ్ పట్టుకుంది. వేళ్లు చుట్టూ తిరిగి బొటనవేలిని తాకాయి. "అది మీ తెరచాపకి పొట్టిదైపోతుందమ్మా," అన్నాడతను. ఆమెకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కానీ పిడికిలి విప్పలేదు. "అయితే తెరచాపే చిన్నది చూపించండి," అంది.